నిష్పత్తి లెక్కలో ముందు అడగాల్సింది: ఆ సంఖ్య ఎన్ని గళ్లది?

60ని 2:3 నిష్పత్తిలో పంచమంటే మీ పాప చకచకా చేసేస్తుందనీ, అదే నిష్పత్తి వాక్యాల్లో వస్తే మాత్రం బిగుసుకుపోతుందనీ రాశారు. ఏడో తరగతిలో ఇది చాలామందికి ఉండేదే. నేను సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతుంటాను, అక్కడ రోజూ చూస్తున్నాను. పంచే లెక్కలో పెద్దగా ఆలోచించే పని లేదు. నిష్పత్తిలో అంకెలు కూడాలి, మొత్తాన్ని దాంతో భాగించాలి, వచ్చినదాన్ని ఒక్కో అంకెతో గుణించాలి. ఆ అలవాటుతోనే అన్ని లెక్కలూ చేయబోతారు, ఇచ్చింది మొత్తమా కాదా అని చూడకుండానే.

అందుకే నేను ఒకే సంఖ్యతో మూడు ప్రశ్నలు పక్కపక్కన ఇస్తాను. అక్క, తమ్ముడి దగ్గరున్న గోళీల నిష్పత్తి 5:3. మొదటి ప్రశ్నలో ఇద్దరివీ కలిపి 40. రెండో దాంట్లో అక్కవే 40. మూడో దాంట్లో తమ్ముడికన్నా అక్కకు 40 ఎక్కువ. ముందు పేజీలో అక్కకు ఐదు గళ్లు, దాని కిందే తమ్ముడికి మూడు గళ్లు గీయమనండి, అన్నీ ఒకే సైజులో. తర్వాత అడగాల్సింది ఒక్కటే: ఈ 40 ఎన్ని గళ్లకు చెందుతుంది? మొదటి దాంట్లో ఎనిమిదింటికి, కాబట్టి గడి 5. జవాబు 25, 15. రెండో దాంట్లో ఐదింటికి, గడి 8, తమ్ముడివి 24. మూడో దాంట్లో పైవరసలో ఎక్కువగా మిగిలిన రెండింటికి, గడి 20. జవాబు 100, 60. ఒకే నిష్పత్తి, ఒకే 40, జవాబులు మూడు రకాలు! ఇది చూశాక పిల్లలు లెక్కను రెండోసారి చదవడం మొదలుపెడతారు. బొమ్మలు చిన్నపిల్లల పని అని కొందరు పెద్దలు ఆపేస్తుంటారు, దయచేసి ఆపొద్దు. సింగపూర్ బడుల్లో ఇలాంటి గళ్ల పద్ధతితోనే ఈ లెక్కలు నేర్పుతారు.

గళ్లు గీస్తే ఇంకో తికమక కూడా పోతుంది. అబ్బాయిలు, అమ్మాయిలు 3:5లో ఉంటే తరగతిలో అబ్బాయిలు ఎంత భాగం అని అడగండి. 3/5 అన్నారంటే అమ్మాయిలతో పోలుస్తున్నారన్నమాట. మొత్తం ఎనిమిది గళ్లు కాబట్టి 3/8.

అసలు కష్టం నిష్పత్తి మారే లెక్కల్లో ఉంది. ఇక్కడ మా పిల్లలకు నేను చెప్పేది, ఏది మారిందో తర్వాత చూద్దాం, ఏది మారలేదో ముందు వెతకండి అని. ఎరుపు, నీలం పూసలు 3:4లో ఉన్నాయి. 7 ఎర్ర పూసలు కలిపితే 5:6 అయింది. నీలం పూసల్ని ఎవరూ ముట్టుకోలేదు, అయినా ఒకచోట 4, ఇంకోచోట 6 కనిపిస్తున్నాయి. అంటే రెండు నిష్పత్తుల్లో గడి సైజు వేరు. 4, 6ల క.సా.గు. (రెండింటితోనూ శేషం లేకుండా భాగించగల అతిచిన్న సంఖ్య) 12. మొదటిది 9:12, రెండోది 10:12 అని రాస్తే ఎరుపు ఒక్క గడి పెరిగింది, ఆ గడే 7. కాబట్టి మొదట ఎరుపు 63, నీలం 84.

ఒకరు ఇంకొకరికి ఇచ్చే లెక్కైతే మారనిది మొత్తం. 5:3లో ఉన్న గోళీల్లో అక్క తమ్ముడికి 6 ఇస్తే 7:5 అయిందనుకోండి. 8 గళ్లు, 12 గళ్లు రెండింటినీ 24 చేస్తే 15:9, తర్వాత 14:10. గడి 6, అక్కకు మొదట 90, తమ్ముడికి 54.

వయసుల లెక్కల్లో మారనిది తేడా. పిల్లలు టెన్షన్ పడేదీ వీటికే, నిజానికి తేలికైనవీ ఇవే. తల్లీకూతుళ్ల వయసులు ఇప్పుడు 7:2, పన్నెండేళ్లకు 2:1. తేడాలు 5, 1. రెండో నిష్పత్తిని 10:5గా రాస్తే తేడా కూడా 5 అవుతుంది. ఇద్దరికీ మూడేసి గళ్లు పెరిగాయి, అవి 12 ఏళ్లు, గడి 4. తల్లికి 28, కూతురికి 8.

మూడు పేర్లుండే లెక్కలకూ ఇదే దారి. మొదటివాడికి, రెండోవాడికి 2:3; రెండోవాడికి, మూడోవాడికి 4:5 అంటే చాలామంది 2:3:5 అని రాసేస్తారు. మధ్యవాడు రెండుచోట్లా ఒకడే కదా, అతన్ని 12 చేయించండి: 8:12:15. ఇక ప్రమాణాల సంగతి పాపకు ఈపాటికి తెలిసే ఉంటుంది, రెండింటినీ సెం.మీ.లోకి మార్చాకే పోల్చాలి: 50 సెం.మీ.కీ 2 మీటర్లకూ నిష్పత్తి 50:200, అంటే 1:4, 25:1 కాదు.

ఏదీ స్థిరంగా ఉండని లెక్కలూ ఉన్నాయి. ఆదాయాలు ఒక నిష్పత్తిలో, ఖర్చులు ఇంకో నిష్పత్తిలో, పొదుపు ఇద్దరికీ సమానం అనే రకం. అక్కడ ఆదాయాలకు 4x, 3x అని రాస్తే ఖర్చులకు మళ్లీ x వాడకూడదు, y తీసుకోవాలి. రెండు తెలియని రాశులతో సమీకరణాలు పెద్ద తరగతుల్లో వస్తాయి, ప్రస్తుతానికి పాపను వాటి జోలికి పోనివ్వకండి.