దయ్యాల బొమ్మలు గీసే అబ్బాయికి ఇంజినీరింగా, యానిమేషనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పెద్దల కోసం తీసిన భయానక యానిమేషన్ సినిమాలు, అందులోనూ ఒకే సినిమాలో మూడు నాలుగు కథలుండేవి చూస్తూ, అలాంటివే తీస్తానంటున్నాడు. నోటుపుస్తకాల నిండా దయ్యాలే. వాళ్ల నాన్నగారు కోపంతో ఒకటి చించేశారు. ఒక ప్రైవేటు సంస్థ ఆరు లక్షలు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటోంది. బీటెక్ మంచిదా, యానిమేషన్ మంచిదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు కోర్సు గురించి అడిగారు గానీ, అబ్బాయి మనసు పాడైపోయిందేమోనన్న బెంగ మీ ఉత్తరంలో అడుగడుగునా కనిపిస్తోంది. ఏమీ పాడవలేదు. శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మను చందమామలో చూస్తూ పెరిగినవాళ్లమే మనమంతా. నిద్ర మానేస్తున్నాడా, భోజనం దగ్గర మాట్లాడుతున్నాడా అన్నది చూసుకోండి. ఒకరోజు పక్కన కూర్చుని ఆ సినిమా మీరూ చూడండి. ఇక పుస్తకం చించడమంటారా, అది తండ్రి చేయవలసిన పని కాదు. డిజైన్ కళాశాలలు మొదట అడిగేది అలాంటి పుస్తకాలనే. వాళ్ల నాన్నగారు అబ్బాయితో పొరపాటైందని ఒక మాట అంటే తప్పేమీ లేదు.

ఆ సినిమాలు ఎవరు తీశారో చూస్తే మీకే సగం సంగతి తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో 2007లో తయారైన ‘ఫియర్స్ ఆఫ్ ద డార్క్’ను నలుపు తెలుపుల్లో మలిచిన ఆరుగురిలో ఎక్కువమంది కామిక్స్, గ్రాఫిక్ డిజైన్ రంగాలవారు. 2022లో వచ్చిన ‘ది హౌస్’ మొదటి కథలో మనుషులు గుడ్డతో, ఉన్నితో కుట్టిన బొమ్మలు. ఆ చేతులకు ముందు అలవడింది గీయడం, కుట్టడం, కథ చెప్పడం. మీకు ఆరు లక్షలకు అమ్మజూపుతున్నది సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కడం.

నా అనుమానాలూ దాచను. హైదరాబాద్‌లో దొరికే పని ఎక్కువగా పిల్లల సీరియళ్లు, సినిమా గ్రాఫిక్స్. ‘ఛోటా భీమ్’ ఇక్కడిదే. పెద్దల భయానక కథలకు డబ్బు పెట్టే నిర్మాతను మాత్రం ఇక్కడ నేనింకా చూడలేదు. కొత్తగా చేరినవారికి సాధారణంగా దక్కేది రోటో, అంటే ఒక్కో ఫ్రేములో మనిషి అంచులు గీసే పని. పెద్ద పేరున్న సంస్థలూ నిలకడైనవి కావు. హైదరాబాద్‌లోనూ స్టూడియో నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. ‘లైఫ్ ఆఫ్ పై’ గ్రాఫిక్స్‌కు దానికి ఆస్కార్ వచ్చిందీ ఆ నెలలోనే! 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే గ్రాఫిక్స్ సంస్థ మూతపడినప్పుడు బెంగళూరులో ఎందరో రోడ్డున పడ్డారు.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. లెక్కలంటే ఇష్టమైతే బీటెక్‌లో చేరనివ్వండి. దానితో ఈ దారి మూసుకుపోదు. తరవాత సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ బొంబాయిలో యానిమేషన్‌లో ఎం.డెస్, అంటే డిజైన్‌లో పీజీ చేయవచ్చు. లెక్కలు చూస్తేనే ముఖం చిట్లిస్తుంటే హైదరాబాద్‌లోని లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) యానిమేషన్, అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో బీ.డెస్ (డిజైన్ డిగ్రీ) ఉన్నాయి. ప్రవేశ పరీక్షల వివరాలు అన్నిచోట్లా దొరుకుతాయి, వాటి జోలికి పోను. పదిహేడేళ్లకు ఏది ఎంచుకున్నా బతుకు అక్కడితో ఖరారైపోదమ్మా, కంగారు పడకండి.

ఈలోగా ఆ సంస్థకు అడ్వాన్సు కట్టవద్దు. కిందటేడు అక్కడ చదువు ముగించిన నలుగురి ఫోను నంబర్లు అడిగి తీసుకోండి. చేస్తున్న పనేమిటో, చేతికొచ్చే జీతమెంతో వాళ్లనే అడగండి. నంబర్లివ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి.