కీమో తర్వాత జ్వరం: పారాసిటమాల్‌తో తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు

కేన్సర్‌కి కీమో అయిన పదో రోజు పాపకి 101 ఫారెన్‌హీట్ జ్వరం వచ్చిందని ఒక పేరెంట్ అడిగారు. అంటే పాపకి న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) బాగా పడిపోయి ఉండొచ్చు. చాలా మందులకి 7–14 రోజుల మధ్యే అవి అడుగంటుతాయి. పారాసిటమాల్‌కి జ్వరం దిగింది, పొద్దున చూపించొచ్చా అన్నారు. వద్దండీ, ఇప్పుడే బయల్దేరండి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సిరప్ దించేది జ్వరాన్నే, ఇన్‌ఫెక్షన్‌ని కాదు. న్యూట్రోఫిల్స్ లేనప్పుడు చీము పట్టదు, వాపూ అంతగా తేలదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే పైకి కనబడే గుర్తు. అందుకే ముందు కొలిచి, టైము రాసుకుని, వార్డుకి ఫోన్ చేయాలి. వాళ్లు చెప్తేనే పారాసిటమాల్ డోసు.

1. ఒక్కసారి 101 వచ్చినా, 100.4 గంటసేపు దిగకపోయినా వెళ్లాల్సిందే. మీ ఆస్పత్రి ఇంకా తక్కువ అంకె చెప్పి ఉంటే అదే లెక్క.
2. మలద్వారంలో థర్మామీటర్, సపోజిటరీ వద్దు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ అసలే వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే రక్తస్రావం అవుతుంది.
3. ఫైలు పట్టుకెళ్లండి: చివరి కీమో తేదీ, మందుల పేర్లు, మందు ఎక్కించడానికి ఒంట్లో పెట్టిన పోర్ట్ గానీ పిక్ లైన్ గానీ ఉందా, పారాసిటమాల్ ఎప్పుడు వేశారు.
4. కేన్సర్ ఆస్పత్రి దూరమైతే దగ్గర్లోని పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఓపీ చీటీ లైన్లో నిలబడకండి. "కీమో నడుస్తున్న పాప, జ్వరం వచ్చింది" అని ముందే చెప్పండి. బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో క్రిములున్నాయా అని చూసే పరీక్ష) రక్తం తీసి, చేరిన గంటలోపే ఐవీ (నరంలోకి ఎక్కించే) యాంటీబయాటిక్ మొదలవ్వాలి. దానికి రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు.

సీబీపీలో (రక్తకణాల పరీక్ష) తెల్లకణాలు 1,200, అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం ఉంటే న్యూట్రోఫిల్స్ లెక్క 240. జ్వరంతో పాటు ఈ లెక్క 500 లోపు ఉంటే సాధారణంగా అడ్మిట్ చేస్తారు.

వణుకు, చేతులు చల్లబడటం, మగత ఉంటే బండి వెతక్కుండా 108కి చేయండి.