థీమ్ పార్కులో మీ దేశం పేరు మీద పెట్టిన హోటల్లో ఎప్పుడైనా తిన్నారా? ఎలా అనిపించింది?

తిన్నాను, కాకపోతే సగమే తిన్నట్టు లెక్క. ఫ్రాన్సు వాళ్ళనో జపాన్ వాళ్ళనో అడిగితే ఈ ప్రశ్నకి సూటిగా జవాబొస్తుంది, ఎందుకంటే వాళ్ళ దేశం పేరు మీద అలాంటి హోటళ్ళు నిజంగానే ఉన్నాయి. మనకి లేదు. నేను చెప్పేది అమెరికాలో ఫ్లోరిడాలో ఉన్న డిస్నీ గురించి, చూసింది అదొక్కటే కాబట్టి.

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. తమ్ముడు టాంపాలో ఉంటాడు. 2023 చలికాలంలో అమ్మని తీసుకుని వెళ్ళాను. అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, బయట నీచు ముట్టదు, సూట్‌కేసులో సగం ఆవకాయ, మాగాయ, చల్లమిరపకాయలు, పైన రెండు డబ్బాల మాడుగుల హల్వా. ఇలాంటి మనిషిని థీమ్ పార్కుకి తీసుకెళ్ళడమేంటని నాకే అనిపించింది కానీ మరదలు అప్పటికే టికెట్లు కొనేసింది.

మొదటిరోజు ఎప్‌కాట్. 1982 అక్టోబరులో తెరిచిన పార్కు. అందులో ఒక పెద్ద చెరువు, దాని చుట్టూ 11 దేశాలు. మెక్సికో దగ్గర మొదలుపెడితే నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్ దాటి కెనడా దగ్గర తేలతాం. ఒక్కో దేశానికి ఒక వీధి, దుకాణాలు, తినడానికి చోటు, అందులో పనిచేసేవాళ్ళలో చాలామంది ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళే, జేబు మీద బ్యాడ్జీలో వాళ్ళ ఊరు కూడా రాసుంటుంది. మొదట తొమ్మిది దేశాలే ఉండేవి, 1984లో మొరాకో, 1988లో నార్వే కలిశాయి, అంతే, తలుపులు మూసేశారు. అమ్మ చైనా దాటాక ఒకసారి, జపాన్ దాటాక ఒకసారి "మనదెక్కడ్రా?" అని అడిగింది. ముందుంది, ముందుంది అని నడిపించాం. మొరాకో దగ్గర ఆ రంగురాళ్ళ పని చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది. వాళ్ళ రాజే సొంత పనివాళ్ళని పంపి చేయించాడని తమ్ముడు చెబితే, "మరి మనవాళ్ళు ఎవర్నీ పంపలేదేటి?" అంది. ఈ ప్రశ్నకి ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏటా జరిగే తిండి పండగలో కొన్నేళ్ళు ఇండియా పేరుతో ఒక చిన్న కొట్టు పెట్టారు గానీ మేం వెళ్ళినప్పుడు ఆ పండగా లేదు, కొట్టూ లేదు. కెనడా కూడా అయిపోయాక అమ్మ బెంచీ మీద కూలబడి, "ఇంత తిప్పి మనూరు చూపించలేదు" అంది.

రెండోరోజు యానిమల్ కింగ్‌డమ్. దీంట్లో ఆసియా అని ఒక భాగం ఉంది, 1999లో తెరిచారు, దానికి ఆనందపూర్ అని పేరు పెట్టారు. అది నిజం ఊరు కాదు. నేపాల్ కొంత, మనది కొంత, ఇండోనేషియా కొంత కలిపి అల్లిన ఊరు. పాడుబడ్డ కోట, పులులు, గబ్బిలాలు, దేవనాగరి అక్షరాల బోర్డులు, వేలాడే కరెంటు తీగలు, తుప్పు పట్టిన సైకిళ్ళు, పెచ్చులూడిన గోడలు, వాటిమీద సగం చిరిగిన పోస్టర్లు. గోడని కొత్తగా కట్టి, తర్వాత మనిషిని పెట్టి మరీ పాతది చేశారు, ఆ పనితనానికి మాత్రం దండం పెట్టాలి. మన దగ్గర మంత్రిగారు వస్తున్నారంటే పాతగోడకి రాత్రికి రాత్రి రంగేస్తారు, అక్కడ కొత్తగోడకి డబ్బులు పోసి పాత చేయిస్తారు. అమ్మ ఒకసారి చుట్టూ చూసి, "కురుపాం మార్కెట్‌ని ఇక్కడికి ఎందుకు తెచ్చారు?" అంది. నవ్వాను కానీ, నిజం చెప్పాలంటే కొంచెం గుచ్చుకుంది కూడా. మొరాకోకి రాజుగారి పనివాళ్ళు, మనకి తుప్పు.

ఆ వీధిలోనే యాక్ అండ్ యెతీ (జడలబర్రె, మంచుమనిషి) అని ఒక హోటల్ ఉంది, పేరులోనే హిమాలయం ఉందిగా, కానీ లోపల నూడుల్స్, వాంటన్లు, మొత్తం ఆసియా అంతా ఒకే మెనూలో. అక్కడ తినలేదు కాబట్టి రుచి గురించి ఏం మాట్లాడను.

ఇక అసలు సంగతి. తమ్ముడు సనా అనే హోటల్లో ముందే టేబుల్ తీసి పెట్టాడు. ఇది పార్కు లోపల కాదు, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అని డిస్నీ వాళ్ళదే ఒక బస ఉంది, దాంట్లో కిదాని విలేజ్ అనే భాగంలో ఉంది, 2009 నుంచి నడుస్తోంది. సనా అంటే స్వాహిలీలో కళ, కళాఖండం అట. అమ్మకి సన్నాయి అని వినబడి, భోజనాల దగ్గర మేళం ఉంటుందేమో అనుకుంది. ఇక్కడి వంట ఆఫ్రికాది, దానిమీద ఇండియా ప్రభావం, ఇదీ వాళ్ళు చెప్పేది. గోడంత గాజు కిటికీలు, వాటికి అవతల గడ్డిమైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు, రెండు చేతులు చాచినంత కొమ్ములున్న ఆవులు. అంకోలే అంటారట ఆ జాతిని. అమ్మ జిరాఫీని ఒక్కసారి చూసి వదిలేసింది గానీ ఆ ఆవుల మీంచి చూపు తిప్పుకోలేదు, "సింహాచలం కోడెలు వీటి ముందు పిల్లలు" అంది. తిండికన్నా ముందు ఆ ఆవులే ఆవిడకి ఇల్లు గుర్తుచేశాయి.

అక్కడ అందరూ తెప్పించుకునేది బ్రెడ్ సర్వీస్. ఐదు రకాల రొట్టెలు, తందూరులో కాల్చినవి. మామూలు నాన్, అల్లం వెల్లుల్లి నాన్, ఉల్లిపాయ కుల్చా, పనీర్ పరాటా వగైరా. నంచుకోవడానికి తొమ్మిది గిన్నెలు. రైతా, మామిడి చట్నీ, కొత్తిమీర చట్నీ, చింతపండు చట్నీ, వెల్లుల్లి పచ్చడి, ఎర్రమిరప సంబల్, నిమ్మా జాలపినో పచ్చడి, ఇంకా ఏవో. పక్క టేబుళ్ళ వాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు, వాళ్ళకిది పండగ. మాకు మాత్రం ఒక ఇబ్బంది. మా ఇంట్లో మూడు తరాల్లో ఎవ్వరూ నాన్ చేయలేదు. తందూరు పొయ్యి ఉన్న ఇల్లు విశాఖలో నేను చూడలేదు. నాన్ అంటే మాకు కూడా పెళ్ళి రిసెప్షన్లో తినేదే, లేకపోతే పుట్టినరోజుకి బయటికెళ్తే తినేది. మెనూలో బటర్ చికెన్ కూడా ఉంది, అదీ దేశవిభజన తర్వాత ఢిల్లీకొచ్చిన పంజాబీల చేతివంట, మా అమ్మమ్మ దాని పేరు కూడా వినకుండా పోయింది. ప్రపంచం ఎక్కడ "ఇండియా" అని బోర్డు పెట్టినా కింద నాన్, బటర్ చికెన్ ఉంటాయి, చోడి అంబలి ఉండదు, పనసపొట్టు కూర ఉండదు, ఆవ పెట్టిన కూర అసలే ఉండదు. ఆ హోటల్ వాళ్ళ తప్పు కాదిది. తినడానికి వచ్చేవాడి బుర్రలో ముందే ఒక ఇండియా ఉంటుంది, వాళ్ళు దాన్నే వండి పెడతారు, రుచిగానే వండారు కూడా. ఆ ఉల్లిపాయ కుల్చా నేను రెండోసారి అడిగాను.

అమ్మ గిన్నెలన్నీ వేలితో ఒక్కొక్కటి రుచి చూస్తూ పోయింది. వెల్లుల్లి పచ్చడికి తల ఊపింది. చింతపండు చట్నీ దగ్గర ఆగింది. మళ్ళీ తీసుకుంది. "దీంట్లో తీపి పడింది. పులుపులో ఇలా తీపి వేసేది మనమే. లోపల మనవాళ్ళెవరో ఉన్నారు" అంది ఖాయంగా. ఉత్తరాంధ్ర వంటలో బెల్లం వేయడం గురించి గోదావరి వాళ్ళూ గుంటూరు వాళ్ళూ మమ్మల్ని ఎంత ఆడుకుంటారో తెలిసినవాళ్ళకి ఆవిడ మొహంలో ఆ గర్వం అర్థమవుతుంది. చింతపండు చట్నీ ఉత్తరాది చాట్ బళ్ళ మీద కూడా తియ్యగానే ఉంటుందని నేను చెప్పబోతే మరదలు కాలుతో తన్నింది.

వడ్డించే కుర్రాడు వచ్చాడు, చామనఛాయ, మన మనిషిలాగే ఉన్నాడు. బ్యాడ్జీ మీద డర్బన్, దక్షిణాఫ్రికా అని ఉంది. అమ్మ తెలుగులోనే అడిగేసింది, ఏ ఊరు బాబూ అని. అతనికి అర్థం కాలేదు గానీ తెలుగని మాత్రం పట్టేశాడు. వాళ్ళ తాతకి తాత మద్రాసులో ఓడెక్కి చెరుకు తోటల పనికి వచ్చాడట, అంతకన్నా వివరం ఇంట్లో ఎవరికీ తెలీదట. భాష పోయింది, అమ్మమ్మ, పచ్చడి, పులుసు లాంటి నాలుగైదు మాటలు మిగిలాయి. పులుసు అన్న మాట అతని నోట్లోంచి వస్తే నాకు ఒళ్ళు జలదరించింది. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది, అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మందిని ఒప్పందం కూలీలుగా ఇండియా నుంచి అక్కడికి తరలించారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది విశాఖ, గంజాం వైపు వాళ్ళే. ఇదంతా నాకు అంతకుముందు పుస్తకంలో చదివిన సంగతి, రొట్టెలు తెచ్చి పెట్టే కుర్రాడిగా ఎదురుపడుతుందనుకోలేదు. తమ్ముడు విడమరిచి చెప్పాక అమ్మ, "అయితే మన శికాకోలు అబ్బాయే" అని తీర్పు ఇచ్చేసింది (శ్రీకాకుళం ఆ రోజుల్లో గంజాం జిల్లాలోదే కాబట్టి ఆ తీర్పు మరీ కొట్టిపారేసేది కాదు). తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాగితంలో చుట్టిన మాడుగుల హల్వా ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. బయటి తిండి పెట్టొచ్చో లేదో అని మేం కంగారుపడుతుంటే అతను అటూ ఇటూ చూసి జేబులో వేసుకున్నాడు. బిల్లు తెచ్చినప్పుడు తినేశానని సైగ చేశాడు. డర్బన్లో రొట్టె మధ్యలో తొలిచి అందులో కూర పోసి అమ్ముతారు, బన్నీ చావ్ అంటారు, మా ఇండియా అంటే నాకు అదే అన్నాడు. అది ఈ మెనూలో ఎందుకు లేదని నేను అడగలేదు, నాకు తెలుసు కదా.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే మనమేదో బాధితులమన్నట్టు ఉంటుంది. అందుకని వైజాగ్ తిరిగొచ్చాక జరిగింది కూడా చెప్పాలి. పాడేరు దగ్గర నుంచి వచ్చిన ఆదివాసీ స్నేహితుడు ఒకడున్నాడు, బ్యాంకులో చేస్తాడు. వాణ్ణి బీచ్ రోడ్డు వైపు ఒక గిరిజన పల్లె థీమ్ హోటల్‌కి నేనే తీసుకెళ్ళాను, పేరెందుకులెండి. సిమెంటుతో చేసిన వెదురు, ప్లాస్టిక్ తాటాకు కప్పు, గోడకి విల్లంబులు, స్పీకర్లో థింసా పాట, తలపాగా చుట్టుకున్న వెయిటర్. బొంగులో చికెన్ చెప్పాం. పచ్చి వెదురుబొంగులో నూనె లేకుండా నిప్పుల మీద కాలిస్తే ఆ వెదురు తడే మాంసానికి పట్టి వేరే వాసన వస్తుంది, ఒకసారి కాలిన బొంగు ఇక పనికిరాదు. ఇక్కడ వచ్చిన బొంగు బాగా ఎండిపోయి, నున్నగా, ఎన్నోసార్లు కడిగినట్టుంది, లోపల కూర మామూలు కూరే. వాడు బొంగుని తిప్పి చూసి, వెయిటర్ తలపాగా చూసి, "గురూ, మా ఊళ్ళో ఈ తలపాగా ఎవరూ చుట్టుకోరు. బొంగు చికెన్ కూడా మా ఇంట్లో ఏడాదికోసారి ఐతే గొప్ప. మేం తినేది అంబలి, సామలన్నం, కందులు, అడవి దుంపలు. అది పెడితే మీరొస్తారేటి?" అన్నాడు. రానని నాకు తెలుసు. అరకు అంటే నాకూ రైలు సొరంగాలు, కాఫీ, బొంగు చికెన్, థింసా, అంతే. అక్కడెక్కడో ఫ్లోరిడాలో పక్క టేబుల్లో నాన్‌ని ఫోటో తీసుకుంటున్న పెద్దాయన ఎవరో ఇక్కడ నేనే ఐపోయాను. బిల్లు నేనే కట్టాను, అదేం పెద్ద ప్రాయశ్చిత్తం కాదనుకోండి. తర్వాత నెల వాడు వాళ్ళింటికి తీసుకెళ్ళాడు, వాళ్ళమ్మగారు సామలన్నం, కందికాయలు పెట్టారు, అక్కడ గోడకి విల్లంబులు లేవు, టీవీ ఉంది.

వెళ్ళేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సనాకి పార్కు టికెట్ అక్కర్లేదు, కానీ టేబుల్ ముందే తీసుకోవాలి, డిస్నీలో 60 రోజుల ముందు నుంచే బుకింగ్ మొదలవుతుంది, మంచి టైములు తొందరగా అయిపోతాయి. మధ్యాహ్నం వెళ్ళండి, చీకటి పడ్డాక గాజు అవతల ఏమీ సరిగ్గా కనబడదు. నీచు తినని పెద్దవాళ్ళకి బ్రెడ్ సర్వీస్ ఒక్కటే కడుపు నిండా సరిపోతుంది, మెయిన్ కోర్స్ దండగ. కారం మన లెక్కకి తక్కువే, ఎర్రమిరప సంబల్ ఇంకో గిన్నె అడగండి, ఇస్తారు. హ్యాండ్‌బ్యాగ్‌లో హల్వా పెట్టుకోవడం మీ ఇష్టం.