పడుకున్నప్పుడు, లేచినప్పుడు గుండె దడ: ఆ క్షణంలో నాడి ఎలా ఉందో చూడండి

ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే గుండె "ఆగి ధడేల్మంటోంది" అని మీరు రాశారు. పొద్దున మంచం దిగి నిలబడినా దడే, ఈసీజీ మాత్రం నార్మల్‌గా వచ్చిందన్నారు. ఈ రెండు దడలకీ కారణం ఒకటే కానక్కర్లేదు. ఈసీజీ గురించి ముందే చెప్తాను: అది పట్టుకునేది పది సెకన్ల గుండెని. ఆ పది సెకన్లలో దడ రాకపోతే కాగితం మీద నార్మలే వస్తుంది.

ఎడమ పక్కకి తిరిగినప్పుడు గుండె కొన ఛాతీ గోడకి బాగా దగ్గరగా వస్తుంది. మామూలు దెబ్బ కూడా పెద్దగా తెలుస్తుంది. పైగా పడుకునే వేళకి గుండె వేగం తగ్గి ఉంటుంది, చుట్టూ చప్పుడుండదు. అందుకే మధ్యలో వచ్చే అదనపు దెబ్బలు, అంటే ఎక్టోపిక్స్, అప్పుడే బయటపడతాయి. ఒక దెబ్బ తొందరపడి ముందే పడుతుంది, తర్వాత కాస్త విరామం వస్తుంది, ఆ విరామంలో గుండెలో రక్తం ఎక్కువ నిండి తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది. మీకు ధడేల్మనేది అదే. గుండెజబ్బు లేనివాళ్ళకి ఇవి అప్పుడప్పుడూ రావడం సాధారణంగా ప్రమాదం కాదు. కుడి పక్కకి తిరిగి చూడండి, తలవైపు కొంచెం ఎత్తు పెట్టుకోండి. రాత్రి పదింటికి పెరుగన్నం దాకా కడుపునిండా తిని వెంటనే నడుం వాలిస్తే ఉబ్బరం, పులితేన్పులతో పాటు దడా ఎక్కువవుతుంది. భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానండి.

నిలబడితే వచ్చే దడ సంగతి వేరు. లేవగానే అర లీటరుకి పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. దాన్ని సర్దడానికి గుండె వేగం నిమిషానికి 10 నుంచి 20 దెబ్బల దాకా పెరగడం సహజం. అంతకు మించుతోందా అన్నది ఇంట్లోనే చూడొచ్చు. పొద్దున టీ తాగకముందు పది నిమిషాలు కదలకుండా పడుకోండి. బొటనవేలు వాడకుండా, రెండు వేళ్ళు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించి నిమిషమంతా నాడి లెక్కపెట్టండి. బీపీ మిషన్ ఉంటే అదీ చూడండి. తర్వాత గోడకి ఆనుకోకుండా, నడవకుండా నిలబడి 1, 3, 5, 10 నిమిషాలకి మళ్ళీ రాయండి. పక్కన ఒక మనిషి ఉండాలి. కళ్ళు బైర్లు కమ్మితే వెంటనే కూర్చోండి.

మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింద బీపీ 10 గానీ పడిపోతే, ఒంట్లో నీళ్ళు తక్కువయ్యాయేమో, బీపీ మాత్రలు గానీ ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ లాంటివి గానీ కారణమేమో చూడాలి. బీపీ పడకుండా నాడి మాత్రం పడుకున్నప్పటి కంటే నిమిషానికి 30కి పైగా పెరిగి (12-19 ఏళ్ళ పిల్లలకైతే 40), ఇది మూడు నెలలుగా సాగుతుంటే డాక్టర్లు పాట్స్ అనే సమస్యని ఆలోచిస్తారు. దానికి నీళ్ళు, ఉప్పు పెంచమంటారు. బీపీ, కిడ్నీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు సొంతంగా ఉప్పు పెంచితే కీడే. ఈలోగా మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి లేవండి.

సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), పొటాషియం, షుగర్ పరీక్షలు తప్పక చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది; హిమోగ్లోబిన్ చూడకుండా "టెన్షన్ అమ్మా" అని పంపేయడం అన్యాయం. ఆయాసానికి సాల్బుటమాల్ ఇన్‌హేలర్, కొన్ని జలుబు మాత్రలు, థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువవడం, ఇవన్నీ దడ తెప్పిస్తాయి. అయినా ఏ మందూ మీరే ఆపకండి.

హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించి ఈసీజీ నమోదు చేసే చిన్న యంత్రం) పెడితే చేతికిచ్చే డైరీలో చాలామంది "దడ వచ్చింది" అని మాత్రమే రాస్తారు. "రాత్రి 11:40, ఎడమ పక్క, ఒక్కసారి ఆగి కొట్టింది, అర నిమిషం" అని రాస్తే రికార్డులో సరిగ్గా అక్కడ చూస్తారు. ఈసీజీ తీసే వాచీ ఉంటే దడ వచ్చినప్పుడే 30 సెకన్లు తీసి దాచండి.

వంగి లేస్తుండగా స్విచ్ వేసినట్టు మొదలై, 150 దాటి కొట్టుకుని, అలాగే ఠక్కున ఆగిపోతే అది ఎస్‌వీటీ (గుండె పై భాగం నుంచి హఠాత్తుగా మొదలయ్యే అతివేగం) కావచ్చు. నాడి వరసే లేకుండా అడ్డదిడ్డంగా కొట్టుకుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పడం) అనుమానించాలి, ముఖ్యంగా గట్టిగా గురకపెట్టేవాళ్ళలో. రెండింటికీ కార్డియాలజిస్టునే కలవాలి.

దడతో స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, కదలకుండా కూర్చున్నా నాడి 120 పైనే ఉండి తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు కావాల్సివస్తూ, కాళ్ళు కూడా వాస్తుంటే హోల్టర్ కోసం ఎదురుచూడొద్దు, ముందు టూడీ ఎకో (గుండె స్కానింగ్) చేయించండి.