ఆకు లోపలి శిలీంధ్రాల గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. మచ్చా మరకా లేని పచ్చటి ఆకులో కూడా శిలీంధ్రాలు కాపురముంటాయని చాలామందికి తెలియదు. దాన్ని రాయాలనుకున్నావు, అదే నాకు నచ్చింది. పనామాలోని బారో కొలరాడో దీవిలో రెండు జాతుల చెట్ల నుంచి 83 ఆకులు తీసి పరీక్షిస్తే, రూపాన్ని బట్టి విడదీసిన రకాలే 418 తేలాయి. 2000లో అచ్చయిన ఆ లెక్కను మొదటి పేరాలోనే పెట్టు.

నా అభ్యంతరమల్లా ఇవి మొక్కకు మేలే చేస్తాయని నువ్వు ముందే తీర్మానించుకోవడం మీద. కోకో మొక్కల సంగతి చూడు. ఆకుల్లోకి ఈ శిలీంధ్రాలను ఎక్కించి, తర్వాత ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి తెచ్చే తెగులు సోకిస్తే, ఎక్కించని ఆకులకంటే అవి తక్కువ దెబ్బతిన్నాయి. ఆ రక్షణ కూడా మొక్కంతటికీ కాదు, ముఖ్యంగా శిలీంధ్రాలున్న ఆకులకే. లేత ఆకుల్లో కంటే ముదురు ఆకుల్లో ఎక్కువ. ఇది 2003 నాటి మాట. 2007లో అదే కోకో మీద ఇంకో ఫలితం వచ్చింది: నీటి ఎద్దడిలో పత్రరంధ్రాలు మూసుకున్నాక కూడా ఆకు నుంచి నీరు ఎంతో కొంత జారిపోతూనే ఉంటుంది కదా, శిలీంధ్రాలున్న మొక్కల్లో ఆ జారుడు దాదాపు రెట్టింపు! తెగులు రోజుల్లో కాపాడినవే ఎండ రోజుల్లో బరువు కావచ్చు. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి, పాఠకుణ్ణి కాసేపు అక్కడే నిలబెట్టు.

ఇక ఆకు లక్షణాలు. దళసరి ఆకుల్లో శిలీంధ్రాలు ఎక్కువ కనబడితే దానికి మందమే కారణమని రాశావు. అంత తొందర వద్దు. అప్పుడే విచ్చిన ఆకులో శిలీంధ్రాలు దాదాపు ఉండవు. గాలిలోనూ వానలోనూ వచ్చిన సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రాలకు విత్తనాల్లాంటివి, దానిమీద పడి, తడి తగిలి మొలకెత్తి, లోపలికి దిగుతాయి. (కొన్ని గడ్డిజాతుల్లో తల్లి మొక్క విత్తనంతోపాటే ఇస్తుంది, వాటిని వేరుగా చెప్పు, కలిపేయకు.) 175 చోట్ల 2,548 జాతులను పోల్చిన 2004 నాటి పరిశోధన, వైశాల్యానికి ఎక్కువ బరువు తూగే ఆకులు ఎక్కువ కాలం బతుకుతాయని చూపింది. ఎక్కువ కాలం చెట్టునున్న ఆకు మీద ఎక్కువ సిద్ధబీజాలు పడతాయి. మరి కారణం మందమా, వయసా? పైన మైనం పొర, లోపలి రసాయనాలు కొన్ని శిలీంధ్రాలను రానిచ్చి కొన్నింటిని ఆపవచ్చు. వచ్చినవి తిరిగి ఆకు తీరునే మార్చవచ్చు, కోకోలో నీటి విషయంలో జరిగింది అదే. ఏది పరిశీలన, ఏది ప్రయోగం అన్నది ప్రతి వాక్యంలో పాఠకుడికి తెలియాలి.

పద్ధతి గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. ఆకును ఆల్కహాలుతో, బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, ముక్కలు కోసి అగార్ (శిలీంధ్రాలను పెంచే జెల్లీలాంటి పదార్థం) మీద పెడతారు. పై మురికి పోయిందో లేదో తేలడానికి కడిగిన ఆకును ముందుగా ఖాళీ అగార్‌కు అద్ది చూస్తారు. అక్కడ ఏమీ మొలవకపోతేనే తర్వాత మొలిచినవి లోపలివని నమ్ముతారు. అగార్ మీద పెరగని వాటిని డీఎన్ఏ పరీక్ష పట్టిస్తుంది. అందుకే పద్ధతి మారితే లెక్క మారుతుంది. 418 పక్కన అది ఏ పద్ధతిలో వచ్చిందో కూడా రాసి, తిరగరాసిన ప్రతి నాకు పంపు.