రాని పరిహారాన్ని నమ్ముకుని అప్పు చేయవద్దు

ప్రశ్న: రెండు నెలల క్రితం నా బైకును ఒక కారు ఢీకొట్టింది. కాలు విరిగింది. ఆ కారుకు బీమా లేదు. ఆసుపత్రి బిల్లు క్రెడిట్ కార్డుతో కట్టాను. ఇంకా ఉద్యోగానికి వెళ్లలేకపోతున్నాను. వ్యక్తిగత రుణం తీసుకుని లాయరును పెట్టుకుందామనుకుంటున్నాను. పరిహారం వచ్చాక అన్నీ తీర్చేయవచ్చు కదా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది చివరి వాక్యమే. ఇలాంటి ప్రమాదాల తర్వాత చాలామంది చేసే పొరపాటు అదే.

కేసు గెలవడం వేరు, డబ్బు చేతికి అందడం వేరు. కారుకు బీమా ఉంటే కంపెనీ చెల్లించేది. లేదు కాబట్టి నడిపిన వ్యక్తి నుంచో, వాహన యజమాని నుంచో రాబట్టుకోవాలి. ప్రీమియం కూడా కట్టని వారి పేరిట ఆస్తులు ఉంటాయన్న భరోసా లేదు. అందుకే లాయరును కలిసినప్పుడు ‘గెలిస్తే ఎవరి నుంచి, ఎలా వసూలు చేస్తారు?’ అని ముందుగా అడగండి. డ్రైవరు ఆ సమయంలో తనకు ఉద్యోగమిచ్చిన వారి పని మీద ఉన్నాడా అన్నది కూడా తేల్చుకోండి. అలాగైతే బాధ్యత వారి మీదికీ రావచ్చు.

లాయరు అవసరమా అంటే, మీ విషయంలో అవసరమే. ఎముక విరిగింది, జీతం పోయింది, కాలు పూర్తిగా కోలుకుంటుందో లేదో ఇంకా తెలియదు. బండికి గీతలు పడి ఊరుకుంటే వద్దనేవాడిని. దావాకు గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి. గెలిచాకే ఫీజు తీసుకునే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. భారత్‌లో న్యాయవాదులకు అది నిషిద్ధం. ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఉందేమో కనుక్కోండి.

ఇక అప్పు సంగతి. దయచేసి తీసుకోకండి! కేసు ఏళ్ల తరబడి నడవవచ్చు, వడ్డీ మాత్రం నెల నెలా పెరుగుతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. వాయిదాలు నెత్తిన ఉన్న మనిషి అవతలివారు ఇవ్వజూపిన మొదటి మొత్తానికే తల ఊపుతాడు. రాజీ పత్రం మీద సంతకం పెట్టాక మరో శస్త్రచికిత్స అవసరమైతే ఆ ఖర్చు అడిగే దారి చాలావరకు మూసుకుపోతుంది. ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉన్నవారే చికిత్స పూర్తయ్యేదాకా ఆగగలరు. ఆ నిధి గురించి నేను పదే పదే చెప్పేది అందుకే. న్యాయమైన మొత్తం వచ్చేవరకు వేచి ఉండే శక్తిని ఇచ్చేది అదే.

ఇప్పుడు మీకు ఆ నిధి లేదు. కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాన్ని తీసి ముందు కార్డు బాకీ తీర్చండి. లేకపోతే బాకీని తక్కువ వడ్డీ వాయిదాల్లోకి మార్చమని బ్యాంకును అడగండి. మదుపులు కొన్నాళ్లు ఆపండి. జీతం మళ్లీ మొదలైన నెల నుంచే నిధికి జమ చేయండి, మిగతావన్నీ దాని తర్వాతే.

మీ సొంత పాలసీలను ఈ వారమే బయటకు తీయండి. ఆరోగ్య బీమా, వ్యక్తిగత ప్రమాద బీమా, ఉద్యోగ సంస్థ ఇచ్చిన బృంద బీమా అన్నీ చూడండి. మోటారు పాలసీలో బీమా లేని వాహనాల వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉందేమో చదవండి. ఇలాంటి బాధితుల కోసం కొన్ని దేశాల్లో ప్రత్యేక వ్యవస్థలూ ఉన్నాయి. బ్రిటన్‌లో 1946లో ఏర్పడిన మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో అలాంటిదే. క్లెయిమ్ సమాచారం ఇవ్వడానికీ గడువు ఉంటుంది, మీకు ఇప్పటికే రెండు నెలలు గడిచాయి. రేపే ఫోన్ చేయండి.