కాళ్లు చచ్చుబడ్డ కోడిని ఎన్నాళ్లు సాకాలి?

ప్రశ్న: మా పెరట్లో తొమ్మిది కోళ్లు ఉన్నాయి. అన్నీ ఒకే ఈడువి, నాలుగు నెలలు నిండాయి. వాటిలో ఒక పెట్ట మొదట కుంటింది. తర్వాత ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడిపోయింది. పన్నెండు రోజులుగా ఇంట్లో అట్టపెట్టెలో ఉంచి చేత్తో తినిపిస్తున్నాను. రాత్రిళ్లు లేచి చూస్తున్నాను. “కోడి కోసం ఇంత టెన్షనా, కోసేస్తే పోతుంది కదా” అంటారు మావారు. మా పాపకు ఎనిమిదేళ్లు, తను పేరు పెట్టి పెంచుకున్న కోడి ఇది. నిన్నటి నుంచి ఇంకో పెట్ట కూడా కుంటుతోంది. నా వల్లే ఇలా అయిందా? ఇది బతుకుతుందా?

జవాబు: రెండో పెట్ట కూడా కుంటుతోందన్నారు కాబట్టి ముందు జబ్బు సంగతి మాట్లాడుకుందాం, మీ బాధ గురించి తర్వాత. నేను పశువుల డాక్టర్ని కాను, మనుషుల సమస్యలు వినేదాన్ని. అయినా తెలిసినంత చెబుతాను. జబ్బేమిటో తెలియకపోతే మీరు ఎంత ఆశ పెట్టుకోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ వయసులో ఒక కాలు ముందుకు, ఇంకోటి వెనక్కి చాచి పడిపోయిందంటే పశువైద్యులు మొదట అనుమానించేది మారెక్స్ వ్యాధిని. 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్, కాళ్లూ రెక్కలూ పడిపోయిన పుంజులను చూసి దీని గురించి రాశాడు. ఆయన పేరే జబ్బుకు స్థిరపడింది. ఇది హెర్పిస్ జాతి వైరస్ వల్ల వస్తుంది. కాలికి వెళ్లే పెద్ద నరం వాచిపోతుంది. అందుకే ఎముక విరగకపోయినా కాలు పట్టు తప్పుతుంది. కొన్నింటికి రెక్క వాలిపోతుంది, కొన్నింటికి నల్లగుడ్డు బూడిద రంగుకు తిరిగి చూపు పోతుంది. లోపల గడ్డలు పెరిగి, తింటున్నా చిక్కిపోయేవీ ఉంటాయి. దీనికి మందు లేదు. మీరు ఇంత ఆశగా అడిగినప్పుడు ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. కొన్ని కోళ్లలో పక్షవాతం తాత్కాలికంగా వచ్చి కొద్ది రోజుల్లోనే తగ్గిపోవడం కూడా ఉంది. పన్నెండు రోజులైనా కాలు కదలలేదంటే మాత్రం ఆ అవకాశం బాగా తగ్గినట్టే.

అలాగని పైకి కనిపించేదాన్ని బట్టి ఇదేనని ఖాయం చేసుకోకండి. కాళ్లు పడిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి, వాటిలో నయమయ్యేవీ ఉన్నాయి. దాణాలో బి2 విటమిన్ చాలకపోతే కోడిపిల్లలకు కాలి వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి, తొందరగా గుర్తిస్తే కోలుకుంటాయి. గుడ్లు పెట్టే పెట్టకు గుడ్డు లోపల ఇరుక్కుంటే నడవలేక కూలబడుతుంది. కుళ్లిన కళేబరాన్నో, దాని మీది పురుగులనో తింటే బొటులిజం అనే విషప్రభావం వచ్చి కాళ్లతో పాటు మెడ కూడా వాలిపోతుంది. పాత పెయింట్ పెచ్చుల్లోని సీసం కడుపులోకి పోయినా, అరికాల్లో పుండు పడినా కుంటుతాయి. రోగాన్ని బట్టి చేయాల్సిన పని మారిపోతుంది. కాబట్టి రెండు పెట్టలనూ వెంటనే పశువుల డాక్టర్‌కు చూపించండి. మొదటిది ఈలోగా చనిపోతే పోస్ట్‌మార్టం చేయించండి. కవర్లో చుట్టి చల్లగా ఉంచాలి కానీ గడ్డకట్టించకూడదు, గడ్డకడితే పరీక్షకు సరిగా పనికిరాదు. చచ్చిన కోడిని కోయించడమేమిటని అనిపించవచ్చు. మిగతా ఏడింటికి ఏం చేయాలో కచ్చితంగా చెప్పగలిగేది ఆ పరీక్షే.

ఒక్క హెచ్చరిక. ఒకేసారి చాలా కోళ్లు చనిపోవడం, ఆయాసపడడం, మెడ మెలితిరగడం, ఆకుపచ్చ రెట్ట, తల వాపు కనిపిస్తే అది కొక్కెర తెగులో, బర్డ్ ఫ్లూయో కావచ్చు. అప్పుడు చేతులతో ముట్టుకోకుండా, కోళ్లను ఎక్కడికీ తరలించకుండా, పశువైద్య అధికారులకు వెంటనే చెప్పాలి. మీరు చెప్పిన లక్షణాలు అలా లేవు. మారెక్స్ అయితే మనుషులకు అంటదు, పాప గురించి ఆ భయం వద్దు. అయినా జబ్బు కోడిని పట్టుకున్న ప్రతిసారీ ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక “నా వల్లేనా” అన్న ప్రశ్న. మారెక్స్ వైరస్ కోళ్ల ఈకల నుంచి రాలే దుమ్ములో ఉంటుంది. పిల్ల దాన్ని పీల్చిన కొన్ని వారాలకు గానీ, ఒక్కోసారి నెలలకు గానీ జబ్బు బయటపడదు. అంటే మారెక్సే అయితే, మీ పెట్టకు ఇది ఎప్పుడో చిన్నప్పుడే సోకి ఉంటుంది. మీరు మొన్న ఏం పెట్టారు, రాత్రి గూటి తలుపు ఎప్పుడు వేశారు అన్నవాటితో దీనికి సంబంధం లేదు. టీకా ఉంది. దాన్ని గుడ్డు నుంచి బయటికొచ్చిన తొలి రోజునే వేస్తారు. అది గడ్డలనూ పక్షవాతాన్నీ చాలావరకు ఆపుతుంది కానీ వైరస్ సోకకుండా పూర్తిగా అడ్డుకోలేదు. జబ్బు పడ్డాక వేసినా లాభం లేదు. పెరట్లో కోళ్లు పెంచుకునేవాళ్లలో చాలామందికి ఈ టీకా ఒకటుందని కోడి పడిపోయిన రోజే తెలుస్తుంది. తెలియని సంగతికి మిమ్మల్ని మీరు దోషిని చేసుకోకండి, అమ్మా.

డాక్టర్ చూసేదాకా సేవ ఇలా చేయండి. మెత్తటి పొడి పరుపు వేసి, పక్కకు ఒరిగిపోకుండా చుట్టిన తువ్వాలుతో ఊతమివ్వండి. పగలు కొన్ని గంటలకోసారి ఒత్తిడి పడే వైపు మార్చండి, లేకపోతే రొమ్ము ఎముక దగ్గర పుళ్లు పడతాయి. నీళ్లు గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోతాయి. ముక్కు అంచున చుక్క చుక్కగా పెడితే తనే మింగుతుంది. వెనక భాగం శుభ్రంగా, పొడిగా ఉంచకపోతే ఈగలు వాలి పురుగులు పడతాయి. అంతకంటే ఘోరమైన బాధ ఆ కోడికి ఇంకోటి ఉండదు. మనుషుల నొప్పి మాత్రలు వేయకండి. ముందు బాగున్న కోళ్ల పని చేసుకుని, చివర్లో జబ్బు వాటి దగ్గరికి వెళ్లండి. రాత్రిళ్లు మాత్రం లేవకండి. చీకట్లో కోడి ఎలాగూ నిద్రపోతుంది, మీరూ పడుకోవాలి.

ఎన్నాళ్లు సాకాలో మీ ప్రేమను బట్టి తేల్చకండి, ప్రేమకు ఎన్నాళ్లు సాకినా చాలదనిపిస్తుంది. కోడి ఇంకా ఏం చేయగలుగుతోందో చూడండి. గిన్నె దగ్గర పెడితే తనంతట తాను తింటోందా? మీరొస్తే తల ఎత్తుతోందా? ముక్కుతో ఈకలు సర్దుకుంటోందా? ఇవి ఉన్నంతకాలం దాని బతుకులో ఇంకా కాస్త సుఖం ఉన్నట్టే. తినడం మానేసి, ఊపిరి కష్టమై, రొమ్ము ఎముక కత్తిలా తగులుతూ, రోజంతా కళ్లు మూసుకునే ఉంటే ఇక ఆపేయాలి. డాక్టర్‌తో నొప్పి లేకుండా ప్రాణం పోయేలా చేయించడం మంచిది. కోళ్లు నొప్పిని దాచుకునే జీవాలు, అందుకే అరవడం లేదు కాబట్టి బాధ లేదనుకోవద్దు. నా అభిప్రాయం అడిగితే, డాక్టర్ మారెక్స్ అని తేల్చి, రెండు కాళ్లూ పూర్తిగా పడిపోయి ఉంటే, ఎక్కువ రోజులు సాగదీయకండి.

మీవారి మాట కటువుగా ఉందనే నేనూ అంటాను. బహుశా ఆయన చూస్తున్నది కోడిని కాదు, నిద్రలేక నీరసపడుతున్న మిమ్మల్ని. “కోసేయాలా వద్దా” అన్న వాదన వదిలేసి, “డాక్టర్ దగ్గరికి మీరూ రండి, ఆయన చెప్పింది ఇద్దరం విని ఒక రోజు పెట్టుకుందాం” అనండి. గడువు కళ్లముందుంటే చాలామంది మెత్తబడతారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. ఏ జబ్బో తేలని కోడిని, మందులు వాడిన కోడిని వండుకోకూడదు.

పాప దగ్గర ఏదీ దాచకండి. “ఎవరికో ఇచ్చేశాం”, “ఎగిరిపోయింది” లాంటి మాటలు ఎనిమిదేళ్ల పిల్ల నమ్మదు. నమ్మినా, ఎందుకిచ్చారని ఏళ్ల తరబడి అడుగుతుంది. డాక్టర్ మారెక్స్ అని తేలిస్తే, నరాలకు జబ్బు చేసిందని, ఎవరి తప్పూ లేదని, బాగుచేసే మందు లేదని నిదానంగా చెప్పండి. వీడ్కోలు చెప్పే అవకాశం ముందే ఇవ్వండి. ఆ పని జరిగేటప్పుడు మాత్రం పక్కన ఉంచకండి. తను ఏడిస్తే మీరూ ఏడవచ్చు, అందులో చాటు అక్కర్లేదు.

కొన్నాళ్లకు కొత్త పిల్లలు కావాలని పాప తప్పకుండా అడుగుతుంది. వెంటనే తేకండి. మారెక్సే అయితే పైకి బాగున్న మీ ఏడు కోళ్లు కూడా జీవితాంతం వైరస్‌ను మోస్తూ ఉండవచ్చు, గూట్లోని దుమ్ములో అది నెలల తరబడి బతుకుతుంది. ఉన్నవాటిని చక్కగా చూసుకోండి, ఇంకెవరికీ ఇవ్వకండి. తెచ్చే రోజు వచ్చినప్పుడు తొలి రోజు టీకా వేసిన పిల్లలనే అడిగి తీసుకోండి. పాత గూటికి దూరంగా, శుభ్రమైన చోట కనీసం మొదటి రెండు మూడు వారాలు విడిగా పెంచండి. ఆ పిల్లల పని ముందు చేసుకుని, ఆ తర్వాతే పెద్ద కోళ్ల దగ్గరికి వెళ్లండి.